సిరామిక్స్ పరిశోధన నుంచి ప్రొఫెసర్ ఉద్యోగం దాకా: వరంగల్ వైపు పిల్లల కోసం మొత్తం దారి

పోయిన వేసవిలో మా అక్క బిడ్డ ఎమ్మెస్సీ ఫిజిక్స్ పరీక్షలు అయిపోగానే హన్మకొండలో మా ఇంటికొచ్చి, "మామా, సిరామిక్స్‌లో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్న, ఇంట్ల చెప్తే అది టైల్స్ కంపెనీ పనా అంటున్నరు" అంది. రెండు సాయంత్రాలు కూర్చుని ఆమెకు చెప్పిన సంగతులే ఇక్కడ వరసగా రాస్తున్నా. ఇదే ప్రశ్నతో నా దగ్గరికి ఏటా నలుగురైదుగురు వస్తున్నారు, అందరూ ఇదే అనుమానం దగ్గర ఆగిపోతున్నారు.

ముందు ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాలో చూద్దాం. సిరామిక్ అంటే మట్టిని, లోహం కాని పొడిని మలిచి గట్టిగా కాల్చి చేసే పదార్థం. టైల్స్ సిరామిక్సే, కాదనను. కానీ మీ ఫోన్‌లో వందల కొద్దీ ఉండే సూక్ష్మ కెపాసిటర్లు బేరియం టైటనేట్ అనే సిరామిక్‌తో చేసినవి. బండి స్పార్క్ ప్లగ్ మీద తెల్లగా కనిపించేది అల్యూమినా, అంటే అల్యూమినియం ఆక్సైడ్. డెంటిస్ట్ పెట్టే తెల్ల కిరీటం జిర్కోనియా, అంటే జిర్కోనియం ఆక్సైడ్. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారయ్యే యురేనియం డయాక్సైడ్ ఇంధన బిళ్ళలు కూడా పొడిని నొక్కి కాల్చిన సిరామిక్కే. ఇంకా దగ్గరిది కావాలంటే ములుగు జిల్లా పాలంపేటలో 1213లో కట్టిన రామప్ప గుడికి వెళ్లండి. దాని గోపురంలో వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయని చిన్నప్పటి నుంచీ వింటాం కదా, దాన్ని ఒక్కసారి లెక్కగా చూడండి. తేలిందంటే దాని సాంద్రత ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము కన్నా తక్కువ. కాలిన మట్టి పదార్థపు అసలు సాంద్రత సుమారు 2.6 ఉంటుంది. అంటే ఆ ఇటుకలో అరవై శాతానికి పైగా ఖాళీ రంధ్రాలే, అయినా అది ఎనిమిది వందల ఏళ్లుగా గోపురంలో నిలబడి ఉంది. అన్ని రంధ్రాలతో బలం ఎలా వచ్చింది, కాల్చేటప్పుడు లోపల ఏం జరిగింది అని అడగడం మొదలుపెట్టినవాళ్లు సిరామిక్స్ పరిశోధనలోకి వచ్చేసినట్టే.

మొదటి మెట్టు: ఏ బ్రాంచి నుంచి రావాలి

ఏ బ్రాంచి నుంచైనా రావచ్చు, కానీ తర్వాత ఉద్యోగం దగ్గర బ్రాంచి మళ్లీ ముందుకొస్తుంది. సిరామిక్ ఇంజనీరింగ్ అన్న పేరుతోనే డిపార్ట్‌మెంట్ ఉన్న పెద్ద సంస్థలు దేశంలో కొన్నే, ఐఐటీ బీహెచ్‌యూ, ఎన్‌ఐటీ రూర్కెలా వాటిలో ముఖ్యమైనవి. మన దగ్గర ఆ పేరు కనిపించదు గానీ పని మాత్రం ఉంది. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా మొదలైన ఎన్‌ఐటీ వరంగల్‌లో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్ ఉంది. కాకతీయ యూనివర్సిటీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ విభాగాలున్నాయి. ఆక్సైడ్ పదార్థాల మీద పనిచేసేవాళ్లు ఇలాంటి విభాగాల్లోనే ఉంటారు, డిపార్ట్‌మెంట్ బోర్డు మీద సిరామిక్స్ అన్న మాట లేదని వెనక్కి తగ్గకండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం జాగ్రత్తగా చదవండి, చాలామంది దీన్ని పీహెచ్‌డీ అయ్యాక గానీ తెలుసుకోరు. ఇంజనీరింగ్ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన ప్రకారం సంబంధిత బ్రాంచిలో బీటెక్, ఎంటెక్ రెండూ ఉండాలి, రెండింటిలో ఒకదాంట్లో ఫస్ట్ క్లాస్ ఉండాలి. అంటే ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి మెటీరియల్స్‌లో ఎంత గొప్ప పీహెచ్‌డీ చేసినా, చాలా ఇంజనీరింగ్ కాలేజీలు మిమ్మల్ని మెటలర్జీలోనో మెకానికల్‌లోనో కాకుండా ఫిజిక్స్ అధ్యాపకుడిగానే తీసుకుంటాయి. అందులో తప్పేమీ లేదు, అదీ మంచి ఉద్యోగమే, కానీ ముందే తెలిసి ఉండాలి. ఐఐటీలు, ఐఐఎస్సీ లాంటి చోట్ల ఈ పట్టింపు తక్కువ, అక్కడ పని చూస్తారు. ఎమ్మెస్సీవాళ్లకు మధ్యదారి ఒకటుంది. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్షలో ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ స్కోరుతో మెటీరియల్స్‌లో ఎంటెక్‌కు అవకాశమిచ్చే సంస్థలు చాలానే ఉన్నాయి. రెండేళ్లు ఎక్కువ పడుతుంది, ఆ రెండేళ్లలో మెటీరియల్స్ భాష నోటికొస్తుంది. మా అక్క బిడ్డకు నేను చెప్పింది ఇదే, ఇంకా ఆలోచిస్తోంది.

రెండో మెట్టు: డిగ్రీలో ఉండగానే చెయ్యి పెట్టండి

మూడో ఏడు కల్లా ఏదో ఒక ల్యాబ్‌లో పొడి పట్టుకుని ఉండాలి. బెంగళూరు, ఢిల్లీ, అలహాబాద్ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు అప్లై చేయండి. హైదరాబాద్ బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ (లోహపు పొడులతో వస్తువులు చేయడం), కొత్త పదార్థాల మీద పనిచేసే ఏఆర్‌సీఐ ఉంది, అక్కడ సిరామిక్ ప్రాసెసింగ్‌కు ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఉంది. కంచన్‌బాగ్‌లో రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది. కాజీపేటలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి చేరే దూరంలో ఇన్ని ఉండడం మన అదృష్టం, దేశంలో చాలా ఊళ్లకు ఇది లేదు.

ఇవేవీ దొరక్కపోయినా మీ కాలేజీ ల్యాబ్‌లోనే చేయగలిగిన పని ఒకటుంది, అదే ఈ రంగంలో మొదటి పాఠం: ఆర్కిమెడిస్ పద్ధతిలో సాంద్రత కొలవడం. కాల్చిన అల్యూమినా బిళ్ళను పొడిగా తూచండి, 2.45 గ్రాములు వచ్చిందనుకుందాం. తర్వాత నీళ్లలో మరిగించి, రంధ్రాల్లో గాలి పోయి నీళ్లు నిండేదాకా ఉంచి, నీళ్లలో వేలాడదీసి తూయండి, 1.80. బయటికి తీసి, తడి గుడ్డతో పైన మెరిసే నీరు మాత్రం తుడిచి వెంటనే తూయండి, 2.47. 2.47లోంచి 1.80 తీసేస్తే 0.67, అదే బిళ్ళ ఘనపరిమాణం. ఇప్పుడు 2.45ను 0.67తో భాగిస్తే సాంద్రత 3.66. అల్యూమినా పూర్తి సాంద్రత 3.98 కాబట్టి మీ బిళ్ళ 92 శాతం నిండింది. తడి బరువులోంచి పొడి బరువు తీసేస్తే లోపలికి వెళ్లిన నీళ్లు 0.02, దాన్ని 0.67తో భాగిస్తే బయటికి తెరుచుకున్న రంధ్రాలు సుమారు 3 శాతం, అంటే మిగిలిన 5 శాతం లోపలే మూసుకుపోయి ఉన్నాయన్నమాట. ఒక త్రాసు, ఒక దారం, ఒక గ్లాసు నీళ్లు, ఇంతే ఖర్చు. ఆ తుడవడంలోనే ఉంది పనితనం అంతా. పొడిగుడ్డతో గట్టిగా తుడిస్తే రంధ్రాల్లో నీళ్లు కూడా లాగేస్తుంది, అంకె తప్పుతుంది. ఒకే బిళ్ళను పదిసార్లు కొలిచి పది అంకెలూ రాసుకోండి. ఇంటర్వ్యూలో "నీ కొలతలో తేడా ఎంత?" అని అడిగినప్పుడు నోరు మూతపడని వాళ్లు ఇలా చేసినవాళ్లే.

మూడో మెట్టు: పరీక్షలు

దీని గురించి కోచింగ్ సెంటర్లు చాలా చెప్తాయి కాబట్టి నేను కొంచెమే రాస్తా. మెటలర్జీవాళ్లు గేట్‌లో ఎంటీ (మెటలర్జికల్ ఇంజనీరింగ్) పేపర్ రాయాలి. మెకానికల్ లాంటి వేరే బ్రాంచివాళ్లు ఎక్స్‌ఈ (ఇంజనీరింగ్ సైన్సెస్) పేపర్‌లో మెటీరియల్స్ సైన్స్ సెక్షన్ ఎంచుకోవచ్చు, అందులో ఇంజనీరింగ్ మ్యాథ్స్ తప్పనిసరి. స్కోరు మూడేళ్లు పనికొస్తుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ వాళ్లు గేట్‌తో పాటు సీఎస్‌ఐఆర్ నెట్ కూడా రాయాలి. దాంట్లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, పైన హెచ్‌ఆర్‌ఏ. సొంత ఫెలోషిప్‌తో వచ్చే విద్యార్థికి గైడ్ దగ్గర ఉండే స్వేచ్ఛే వేరు, ప్రాజెక్టు డబ్బు అయిపోతుందన్న టెన్షన్ ఉండదు. ఎంటెక్‌లో గేట్ స్టైపెండ్ నెలకు 12,400, అది మెస్సుకు, ప్రయాణాలకు సరిపోతుంది, ఇంటికి పంపడానికి మిగలదు, ఈ సంగతి అమ్మానాన్నలకు ముందే చెప్పండి.

నాలుగో మెట్టు: గైడ్, ల్యాబ్

అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇది, సంస్థ పేరు దీని తర్వాతే. నా అనుభవం చెప్తా. నేను మొదట చేరిన ల్యాబ్‌కు పేరుంది, గైడ్ మంచి మనిషి. కానీ చేరిన నాలుగు నెలలకు పెద్ద ఫర్నేస్‌లో హీటింగ్ ఎలిమెంట్ విరిగింది. కొత్తది తెప్పించే ఫైలు ఎనిమిది నెలలు తిరిగింది. ఆ ఎనిమిది నెలలూ పొడులు నూరుతూ, పేపర్లు చదువుతూ గడిపాను. చదివింది వృథా కాలేదు గానీ, పీహెచ్‌డీలో ఎనిమిది నెలలంటే చిన్న సంగతి కాదు.

అందుకే చేరేముందు ఒకరోజు ఆ ల్యాబ్‌కు వెళ్లండి, గైడ్‌ను కలిశాక విద్యార్థులతో టీ తాగండి. వాళ్లను ఇవి అడగండి. ఫర్నేస్ ఎంత వేడి దాకా పోతుంది? సిలికాన్ కార్బైడ్ రాడ్లుంటే సుమారు 1,500 డిగ్రీల దగ్గర ఆగాలి, మాలిబ్డినం డైసిలిసైడ్ ఎలిమెంట్లుంటే 1,700 దాకా వెళ్లొచ్చు. మీ పదార్థానికి ఏది కావాలో దాన్నిబట్టి చూసుకోవాలి. లోపలి వేడిని కొలిచే థర్మోకపుల్‌ను చివరిసారి ఎప్పుడు సరిచూశారు? డిస్‌ప్లేలో 1,500 అని ఉంటే లోపల బిళ్ళ దగ్గర నలభై డిగ్రీలు తక్కువ ఉండొచ్చు, అప్పుడు మీ ఫలితాలు వేరే ల్యాబ్‌లో ఎవరు చేసినా రావు. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్ కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరికరం), ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) స్లాట్ కోసం ఎన్ని రోజులు ఆగాలి? ఈ గైడ్ దగ్గర చివరి ముగ్గురు ఎన్నేళ్లలో బయటపడ్డారు, ఇప్పుడు ఎక్కడున్నారు? ఈ చివరి ప్రశ్నకు విద్యార్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

గైడ్‌కు మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంటరెస్టెడ్" అని ఒకే మెయిల్ నలభై మందికి పంపకండి. ఆయన ఈ మధ్య రాసిన పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థంకాని ఒక బొమ్మ గురించి నాలుగు వాక్యాలు రాయండి. ఐదుగురికి ఇలా రాస్తే ఇద్దరైనా జవాబిస్తారు. జవాబు రాకపోతే పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అంతకు మించి వద్దు.

అడ్మిషన్ ఇంటర్వ్యూలో చిన్న ప్రశ్నలే అడుగుతారు, లోతుగా అడుగుతారు. ఉదాహరణకు, జిర్కోనియాలో యిట్రియా (యిట్రియం ఆక్సైడ్) ఎందుకు కలుపుతారు? శుద్ధ జిర్కోనియాను కాల్చి చల్లారుస్తుంటే సుమారు 1,170 డిగ్రీలకు కిందికొచ్చేటప్పుడు దాని స్ఫటిక నిర్మాణం టెట్రాగొనల్ నుంచి మోనోక్లినిక్‌కు మారుతుంది, ఘనపరిమాణం నాలుగైదు శాతం పెరుగుతుంది, ముక్క పగిలిపోతుంది. 3 మోల్ శాతం యిట్రియా కలిపితే గది ఉష్ణోగ్రత దగ్గర కూడా టెట్రాగొనల్‌గానే నిలుస్తుంది. పగులు మొదలైతే ఆ పగులు కొన దగ్గర మాత్రం మారి, ఉబ్బి, పగులును నొక్కి పట్టుకుంటుంది. ముక్కను పగలగొట్టే మార్పునే దాన్ని కాపాడడానికి వాడుకోవడం, నాకు ఈ రంగం మీద ప్రేమ పుట్టింది ఇది అర్థమైన రోజే. ఇది బట్టీ పట్టి చెప్తే వాళ్లకు తెలిసిపోతుంది, బొమ్మ గీసి చెప్పండి.

ఐదో మెట్టు: పీహెచ్‌డీ ఏళ్లు

మొదటి ఏడాది కోర్సులు, చదువు. రెండో ఏడాది దాదాపు అన్నీ విఫలమవుతాయి, అది మామూలే. నేను ఒకసారి పండక్కి ఇంటికి పోవాలన్న తొందరలో, నొక్కిన పెల్లెట్లను (పొడి బిళ్ళలను) నిమిషానికి పది డిగ్రీల చొప్పున వేడి పెంచేలా ప్రోగ్రాం పెట్టేశాను. పెల్లెట్ గట్టిగా ఉండడానికి కలిపే పీవీఏ అనే బైండర్ మెల్లగా కాలి పొగై బయటికి పోవాలి, అందుకు 500, 600 డిగ్రీల మధ్య ఒక గంటైనా ఆపాలి, అక్కడిదాకా నిమిషానికి ఒకటి రెండు డిగ్రీలకు మించకూడదు. నేను ఆపలేదు. బతుకమ్మ రోజు రాత్రి ఇంట్లో ఉన్నా, మనసు ఫర్నేస్ దగ్గరే ఉంది. తిరిగొచ్చి తలుపు తీస్తే పన్నెండు పెల్లెట్లకు పన్నెండూ నడుముకు అడ్డంగా చీలి ఉన్నాయి. మూడు వారాల పొడి అది. కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అంటారే, సరిగ్గా అదే. మా ఊళ్లో కుమ్మరి తాత ఆవం కాల్చేటప్పుడు మొదట చాలాసేపు సన్నటి సెగే పెట్టేవాడు, మంట ఎందుకు పెంచడో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. తడి నెమ్మదిగా పోనివ్వాలని ఆయనకు తెలుసు.

ఆ రోజు నుంచి ప్రతి ఫర్నేస్ సైకిల్‌కూ నోట్‌బుక్‌లో ఒక పేజీ పెట్టుకున్నాను: ఏ పొడి, ఏ బ్యాచ్, ఎంత ప్రెషర్, ఎంత వేగంతో వేడి, ఎక్కడ ఎంతసేపు, లోపల ఏ మూల పెట్టాను, బయటికి వచ్చాక రంగెలా ఉంది. కాల్చకముందు, కాల్చాక వ్యాసం తప్పకుండా కొలవండి. 55 శాతం సాంద్రతతో నొక్కిన 10 మిల్లీమీటర్ల పెల్లెట్ 97 శాతానికి చేరితే వ్యాసం సుమారు 8.3కు తగ్గాలి. 9 దగ్గరే ఆగిపోయిందంటే ఎస్‌ఈఎం దాకా పోనక్కర్లేదు, సరిగా కాలలేదని స్కేలే చెప్తుంది.

ప్రశ్న ఎంచుకోవడం గురించి ఒక మాట. మన చుట్టూ ముడిసరుకు చాలా ఉంది, రామగుండం థర్మల్ స్టేషన్ బూడిద, కరీంనగర్ గ్రానైట్ కోతలో వచ్చే బురద. వాటితో ఇటుకలు చేసి బలం కొలిచి పేపర్ రాయడం తేలిక, అలాంటివి ఇప్పటికే కుప్పలుగా ఉన్నాయి. బూడిదలోని సిలికా, అల్యూమినా ఏ వేడి దగ్గర ముల్లైట్ అనే సిరామిక్‌గా మారుతున్నాయి, అందులోని ఇనుము ఆ మార్పును ముందుకు జరుపుతోందా అని అడిగితే అది పరిశోధన. ముడిసరుకు మన ఊరిదైతే సరిపోదు, ప్రశ్న మీదై ఉండాలి.

ఇంకొకటి, నేను పేపర్లు రివ్యూ చేసేటప్పుడు వారానికోసారి చూసే తప్పు. ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫులో శిఖరం వెడల్పుకు, దాన్నుంచి సైజు లెక్కగట్టే షెరర్ సూత్రం వేసి "గ్రెయిన్ సైజు 40 నానోమీటర్లు" అని రాస్తారు, పక్కనే ఎస్‌ఈఎం ఫొటోలో గ్రెయిన్లు రెండు మైక్రాన్లు కనిపిస్తుంటాయి. షెరర్ ఇచ్చేది క్రిస్టలైట్ సైజు (గ్రెయిన్ లోపల ఒకే వరసలో ఉన్న స్ఫటిక ముక్కది), అదీ పరికరం వల్ల వచ్చే వెడల్పును తీసేశాక, అదీ వంద నానోమీటర్ల లోపు ఉంటేనే నమ్మదగ్గది. ఈ ఒక్క వాక్యం సరిగా రాస్తే రివ్యూ చేసేవాళ్లకు మీ మీద గౌరవం కలుగుతుంది.

పేపర్లు ఎక్కడ పంపాలంటే, జర్నల్ ఆఫ్ ది అమెరికన్ సిరామిక్ సొసైటీ, జర్నల్ ఆఫ్ ది యూరోపియన్ సిరామిక్ సొసైటీ, సిరామిక్స్ ఇంటర్నేషనల్. మన దేశంలో ట్రాన్సాక్షన్స్ ఆఫ్ ది ఇండియన్ సిరామిక్ సొసైటీ, బులెటిన్ ఆఫ్ మెటీరియల్స్ సైన్స్. డబ్బు కట్టండి వారంలో వేస్తాం అని మెయిల్ పంపే పత్రికల జోలికి పోవద్దు, పదేళ్ల తర్వాత కూడా ఆ పేరు మీ సీవీలో మచ్చలా ఉంటుంది. నాలుగు మంచి పేపర్లు, వాటిలో రెండింటిలో మీది మొదటి పేరు, ఇంతైనా తెచ్చుకుని బయటికి రండి.

ఆరో మెట్టు: పోస్ట్‌డాక్

పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ తర్వాత ఇంకో ల్యాబ్‌లో చేసే పరిశోధన. ఐఐటీ, ఎన్‌ఐటీ ఉద్యోగం కావాలంటే ఇది దాదాపు తప్పనిసరి. ఎన్‌ఐటీల్లో కొత్త పీహెచ్‌డీలకు కాంట్రాక్టు మీద కింది గ్రేడు ఉంటుంది గానీ, ఐఐటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రేడ్ వన్‌కు సాధారణంగా మూడేళ్ల అనుభవం అడుగుతారు. దేశంలోనే ఉండాలంటే, పరిశోధనకు డబ్బిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఇచ్చే నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ చూడండి. అంతకుముందు ఈ పని చేసిన సెర్బ్ ఇప్పుడు అందులోనే కలిసిపోయింది. కోల్‌కతాలో సీజీసీఆర్‌ఐ గాజు, సిరామిక్స్ కోసమే ఉన్న జాతీయ ప్రయోగశాల. బయటికి వెళ్లాలంటే జర్మనీలో డ్రెస్డెన్‌లో ఫ్రాన్‌హోఫర్ ఐకేటీఎస్ అనే సిరామిక్స్ పరిశోధన సంస్థ, ఫ్రాన్స్‌లో పింగాణీకి పేరుపడ్డ లిమోజ్, అమెరికాలో పెన్ స్టేట్, ఆల్ఫ్రెడ్ యూనివర్సిటీ, జపాన్‌లో నగోయా, సిరామిక్స్ అనగానే ఈ రంగంలో వాళ్లకు గుర్తొచ్చే పేర్లివి. పీహెచ్‌డీలో చేసిన పనినే అక్కడా చేయకండి. పదార్థం పాతదైతే పద్ధతి కొత్తది నేర్చుకోండి, లేదా పద్ధతి పాతదైతే పదార్థం మార్చండి. తిరిగొచ్చాక "మీ గైడ్ పని కాకుండా మీ పనేంటి?" అని అడుగుతారు, అప్పుడు చెప్పడానికి ఏదో ఒకటి చేతిలో ఉండాలి.

ఇక పెళ్లి, ఇంటి బాధ్యతలు. ఇరవై ఎనిమిది, ముప్పై ఏళ్ల దాకా ఫెలోషిప్ మీద ఉండడం మన ఇళ్లలో కష్టం, ఆడపిల్లలకు ఇంకా కష్టం. మొదటి రోజే ఒక కాగితం మీద ఏ ఏడాది ఏం అవుతుంది, నెలకు ఎంత వస్తుంది అని రాసి ఇంట్లో పెట్టండి. మా అక్క ఒప్పుకున్నది నా మాటలకు కాదు, ఆ కాగితం చూసి.

ఏడో మెట్టు: ఉద్యోగం

యూనివర్సిటీ సైన్స్ విభాగాలకు నెట్ లేదా రాష్ట్ర సెట్ (అధ్యాపక అర్హత పరీక్షలు) పాసై దగ్గర పెట్టుకోండి, పీహెచ్‌డీ ఉన్నా అవి ఉపయోగమే. అసిస్టెంట్ ప్రొఫెసర్ లెవెల్ 10లో మూల వేతనం 57,700 నుంచి మొదలవుతుంది, ఐఐటీ గ్రేడ్ వన్ లెవెల్ 12లో 1,01,500. చాలా ప్రైవేటు కాలేజీలు ఇచ్చేది ఈ స్కేలుకు దగ్గర్లో కూడా ఉండదు, అక్కడ చేరేముందు పరిశోధనకు వారంలో ఎన్ని గంటలు వదులుతారో కాగితం మీద రాయించుకోండి. ప్రకటనలో "సంబంధిత బ్రాంచి" అన్న చోట మీ డిగ్రీల వరస సరిపోతుందో లేదో ముందే ఆఫీసుకు మెయిల్ రాసి అడగండి, ఫీజు కట్టాక కాదు.

సెలక్షన్ కమిటీ ముందు మీ రీసెర్చ్ ప్లాన్ చెప్పేటప్పుడు పెద్ద పెద్ద మాటలు వద్దు. మొదటి మూడేళ్లలో ఏ రెండు ప్రశ్నలు, వాటికి ఏ పరికరాలు, ఎంత డబ్బు, అది ఎక్కడి నుంచి, ఎంటెక్ విద్యార్థి ఏడాదిలో పూర్తి చేయగలిగే ముక్క ఏది అని చెప్పండి. ఏ మూడు కోర్సులు రేపే చెప్పగలరో కూడా. డెమో క్లాసు ఉంటే ఫేజ్ డయాగ్రం (ఏ వేడికి, ఏ మిశ్రమానికి పదార్థం ఏ రూపంలో ఉంటుందో చూపే పటం) తీసుకోండి, బోర్డు మీద గీస్తూ చెప్పండి, స్లైడ్లు చదవకండి.

చేరగానే ఏఎన్‌ఆర్‌ఎఫ్ వాళ్ల ఎర్లీ కెరీర్ గ్రాంట్‌కు అప్లై చేయండి. పని మొదలుపెట్టడానికి సంస్థ ఇచ్చే సీడ్ గ్రాంట్‌తో మొదట కొనాల్సింది మంచి ఫర్నేస్, ఒక నాణ్యమైన త్రాసు, హైడ్రాలిక్ ప్రెస్. ఖరీదైన పరికరాలు పక్క డిపార్ట్‌మెంట్లో ఉంటాయి, ఫర్నేస్ మాత్రం మీ తాళం కింద ఉండాలి. ఆర్డర్ పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ గదికి త్రీ ఫేజ్ లైన్ ఉందో లేదో చూపించండి. కొటేషన్‌లో ఒక స్పేర్ థర్మోకపుల్, రెండు స్పేర్ ఎలిమెంట్లు రాయించండి, నాలాగా మీ విద్యార్థి ఎనిమిది నెలలు ఆగకుండా.